ఫోన్ పోయింది.. పనితనం మిగిలింది!

కొత్తపేట నుంచి అమలాపురం వెళ్లే బస్సులో కూర్చునే ఇంటర్వ్యూ మెయిల్ చూసేసుకుంటున్నాం. మరి పాతికేళ్ల కిందట? నెట్ సెంటర్‌కి వెళ్లి, గంట లెక్కన డబ్బులు కట్టి, ఇన్‌బాక్స్ తెరిస్తేనే కబురు తెలిసేది. ఆ మెయిల్‌ని జేబులోకి తెచ్చినవాటిలో ముందు చెప్పుకోవాల్సింది బ్లాక్‌బెర్రీ. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి దాని కథలో పనికొచ్చే సంగతి ఒకటుంది.

అసలు కిటుకు ఇదీ

కెనడాలోని వాటర్లూలో 1984లో మైక్ లజారిడిస్, డగ్లస్ ఫ్రెగిన్ అనే ఇద్దరు కుర్రాళ్లు 'రీసెర్చ్ ఇన్ మోషన్' కంపెనీ పెట్టారు. 1999లో బ్లాక్‌బెర్రీ 850 తెచ్చారు. చూడ్డానికి పేజర్‌లా ఉండేది. ఒక్క పెన్సిల్ సెల్‌తో నడిచేది. మాట్లాడ్డానికి కుదరదు కానీ, బొటనవేళ్లతో టైప్ చేసుకునే బుల్లి కీబోర్డు ఉండేది. దాని బలమంతా 'పుష్' మెయిల్‌లోనే. మాటిమాటికీ ఇన్‌బాక్స్ తెరిచి చూడక్కర్లేదు. ఆఫీసు సర్వర్‌కి చేరిన మెయిల్ దానంతటదే చేతిలోకి వచ్చేది.

2001 సెప్టెంబరు 11 దాడుల రోజున అమెరికాలో సెల్‌ఫోన్ లైన్లు కలవకపోయినా, వీటిలో మెసేజ్‌లు వెళ్లాయి. దాంతో నమ్మకం పెరిగింది. 2002లో వచ్చిన 5810లో ఫోన్ కూడా చేరింది. కాకపోతే మాట్లాడాలంటే హెడ్‌సెట్ తగిలించుకోవాల్సిందే! 2004లో ఎయిర్‌టెల్ ద్వారా మన దేశానికీ వచ్చింది.

హైదరాబాద్‌లో మరో ఇన్నింగ్స్

2007లో ఐఫోన్, ఆ వెనకే ఆండ్రాయిడ్ వచ్చాయి. జనం కీబోర్డు వదిలి టచ్‌స్క్రీన్, యాప్‌ల వైపు వెళ్లిపోయారు. 2022 జనవరి 4న పాత బ్లాక్‌బెర్రీ ఫోన్లకు సేవలు ఆగిపోయాయి.

కంపెనీ మాత్రం మూతపడలేదు. 2010లోనే క్యూఎన్‌ఎక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సంస్థను కొనుక్కుంది. ఇప్పుడది కోట్లాది కార్లలో ఉంది. బ్రేకులు, డ్రైవర్‌కి సాయపడే వ్యవస్థల్లో సాఫ్ట్‌వేర్ హ్యాంగైతే ప్రాణాల మీదికొస్తుంది కదా! అలాంటి చోట నమ్మకంగా పనిచేయడమే దాని ప్రత్యేకత. 2023లో ఈ పనుల కోసమే హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రం తెరిచారు.

మీరేం చేయాలి?

ట్రెండ్‌లో ఉన్న టూల్ పేరు ఒక్కటే నమ్ముకోకండి. రేపు అది మారిపోవచ్చు. సి, సి++, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్.. ఈ పునాది గట్టిగా ఉంటే ఫోన్ల నుంచి కార్లకు మారడం కష్టం కాదు. ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి: పుష్ మెయిల్ ఎలా పనిచేస్తుందో కాగితం మీద బొమ్మ గీసి స్నేహితుడికి చెప్పగలరా? చెప్పగలిగితే, ఇంటర్వ్యూలో సగం బెరుకు పోయినట్టే!