ఎడమ కంటి రెండు చుక్కలు

మొన్న బి.ఏ. క్లాసులో నాటకం పాఠం చెబుతూ సాత్త్వికాభినయం దగ్గర ఆగాను. "దీనికో ఉదాహరణ ఎవరైనా చెప్పండి" అన్నాను. వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి, "సావిత్రిగారండీ! ఎడమ కంటినుంచి రెండు చుక్కలే కావాలంటే, సరిగ్గా రెండే రాల్చారండీ" అన్నాడు. క్లాసంతా చప్పట్లు. అశ్రువు అష్ట సాత్త్విక భావాల్లో ఒకటే గనుక జవాబు తప్పనడానికీ వీల్లేదు. అయినా నాకెందుకో తృప్తి కలగలేదు.

అతను చూసింది 2018లో నాగ్ అశ్విన్ తీసిన 'మహానటి'. "మరి మాయాబజార్ చూశావా?" అన్నాను. "ఫోన్లో పాటలు చూశానండీ" అన్నాడు.

అక్కడే వచ్చింది చిక్కు. చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. లెక్కకు అందనిదే ఆమె గొప్పతనమని నా నమ్మకం.

1957 మార్చిలో విడుదలైన 'మాయాబజార్'ని ఒక్కసారి తలచుకోండి. నిద్రపోతున్న శశిరేఖను ఘటోత్కచుడు తన ఆశ్రమానికి చేర్చి, తానే శశిరేఖ రూపంలో ద్వారకలో కూర్చుంటాడు. అప్పటినుంచి తెరమీద కనిపించే మనిషి సావిత్రి. పాత్ర మాత్రం ఎస్.వి. రంగారావుగారిది! ఆ భారీ విగ్రహం నడక, ఆ భుజాల పొగరు, ఆ పసిపిల్లవాడి సంబరం ఈ సన్నని పిల్లలో మనకు కనబడాలి. పెళ్లిపాటలో సుశీలగారి గొంతు సాగుతూ సాగుతూ ఘంటసాలగారి గొంతులోకి దిగినప్పుడు, ఆ ముఖం కూడా అదే క్షణాన మగముఖమై పోతుంది. మళ్లీ క్షణంలో కొంగు సర్దుకుంటుంది.

ఇంతవరకు అందరూ చెప్పేదే. నేను చాలా ఆలస్యంగా గమనించింది మరొకటి వున్నది. ఈ మాయా శశిరేఖ సిగ్గుపడుతుంది గదా, ఆ సిగ్గు అసలు శశిరేఖ సిగ్గు కాదు. వెన్నెల్లో పడవమీద అభిమన్యుడి పక్కన కూర్చున్న పిల్ల సిగ్గుపడుతున్నట్లు మనకు చెప్పనే చెప్పదు. అదే కళ్లలో తెలుస్తుంది. పెళ్లికూతురు వేషంలో వున్న రాక్షసుడు మాత్రం రవ్వంత ఎక్కువగా సిగ్గుపడతాడు. ఆడపిల్లలు ఇలా సిగ్గుపడతారు కాబోలునని ఒక రాక్షసుడు అనుకుంటే ఎంత వుంటుందో, అంత. అంటే సావిత్రి ఘటోత్కచుడుగా నటించడమే గాక, ఘటోత్కచుడి నటనలోని లోపాన్ని కూడా నటించింది! కె.వి. రెడ్డిగారు ఎంత చెప్పారో, ఆమె ఎంత కల్పించుకున్నదో మనం విడదీయలేము. విడదీయనక్కరలేదు కూడా.

'మహానటి'లో కీర్తి సురేశ్ ఇదే పాటను అచ్చం అలాగే అభినయించింది. చీర, నగలు, కనుబొమ్మ, అడుగు, ఏదీ తప్పలేదు. కాని అక్కడ ఘటోత్కచుడు లేడు. సావిత్రిగారి కీర్తి మాత్రమే వున్నది. ఆ అమ్మాయి తప్పు కాదది. కథ అడిగింది అంతే. ఆమె అసలు ప్రతిభ అనుకరణలు అయిపోయిన తర్వాత బయటపడుతుంది. చేతిలో డబ్బూ, ఇంట్లో మనుషులూ తరిగిపోతున్నకొద్దీ ఆ ముఖంలో నవ్వు మాత్రం తరగకుండా నిలుపుకుంటుందే, అక్కడ ఎవరి నకలూ లేదు. జాతీయ బహుమతి న్యాయంగానే వచ్చింది.

ఆ చిత్రానికి మా అమ్మను తీసుకువెళ్లాను. మద్యం దృశ్యాలు మొదలవగానే, "ఒరే, లేవరా, ఇంటికి పోదాం" అన్నది. "జరిగిందేగదమ్మా చూపిస్తున్నారు" అని చేయి పట్టుకుని కూర్చోబెట్టాను. పెద్ద చదువు చదివినవాణ్ణి గదా! 1981 డిసెంబరులో సావిత్రి పోయిన నాడు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదని తిరుగుదారిలో చెప్పింది. తర్వాత ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో ఇసుకమీద కూర్చుని మాయాబజార్ చూసిన మనిషి ఆమె. బలవంతాన కూర్చోబెట్టినందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే వుంటుంది.

ఆ ఆదివారం టీవీలో మాయాబజార్ పెట్టాను. పెళ్లిపాట రాగానే అమ్మ వత్తులు చేసుకోవడం ఆపి, "చూడరా, రంగారావు దీని మొహంలోంచి ఎలా నవ్వుతున్నాడో" అన్నది. సాత్త్వికాభినయం మీద నేను రాసుకున్న నోట్సు పదిహేను పేజీలు. అందులో ఈ మాట లేదు.

వచ్చే శనివారం మా క్లాసుకు ఆ చిత్రం మొత్తం చూపించాలనుకుంటున్నాను. ప్రొజెక్టరు కామర్సు వాళ్లను బతిమాలి తెచ్చుకోవాలి. వెనక బెంచీ కుర్రవాణ్ణి ముందు వరసలో కూర్చోమన్నాను. అమ్మ కూడా వస్తానంటున్నది.