రెప్పల వాపు: తల్లిదండ్రు లెఱుగవలసిన సంగతులు

మన చాకలిపేటలోని తెలుగు ఇండ్లలో బిడ్డ కన్ను ఎఱ్ఱబడినచో పెద్దల నోట వచ్చు మాట ఒక్కటే, కండ్లకలక. ప్రక్కయింటి తమిళులు దానినే ‘మెడ్రాస్ ఐ’ అందురు. ఆ మాట పుట్టిన వెంటనే బిడ్డను వేఱు చాపపై పండుకొనబెట్టుట, బడి మాన్పించుట, మందుల దుకాణమునకు పోయి ఏదో యొక చుక్కలమందు తెచ్చి వేయుట జరుగుచున్నవి. వారము గడచును, ఎఱుపు తగ్గును. నెల తిరుగకమునుపే మరల వచ్చును. ఇట్లు ఏటికి నాలుగైదు మారులు ‘కండ్లకలక’ వచ్చు పిల్లలు మా హాజరుపట్టీలలో కనబడుచున్నారు. వారిలో కొందఱికి ఉన్నది కండ్లకలక కాదనియు, రెప్పల అంచులకు పట్టిన దీర్ఘకాలపు వాపనియు కంటివైద్యులు చెప్పిన పిమ్మట, ఈ సంచికయందు తల్లిదండ్రులకు ఆ సంగతి వివరింప దలచితిమి.

వైద్యులు దీనిని బ్లెఫరైటిస్ అందురు. మనము రెప్పల వాపు అనుకొందము. కండ్లకలక సాధారణముగా ఎడినోవైరస్ అను సూక్ష్మక్రిమివలన హఠాత్తుగా వచ్చును. నీరు ధారగా కారును. ఇంటిలో ఒకరినుండి ఒకరికి అంటును. వారము, రెండు వారములలో పోవును. రెప్పల వాపు మెల్లగా వచ్చును. తఱచుగా రెండు కండ్లకును ఉండును. ఏండ్లతరబడి హెచ్చుచు తగ్గుచు నుండును. కండ్లకలకవలె ఒకరినుండి ఒకరికి అంటుకొనదు. ఉదయము లేవగానే రెప్పలు అతుకుకొని యుండుట, వెండ్రుకల మొదళ్ళయందు చుండ్రువంటి పొట్టు కనబడుట, అంచులు ఎఱ్ఱగా తడిసియుండుట, ఇసుక పడినట్లు మంట, మాటిమాటికి కంటికురుపులు లేచుట దీని గుర్తులు. చదువుచున్నంతలో అక్షరములు మసకబారి, రెండు మారులు రెప్ప కొట్టినంతనే మరల తేటపడుట మఱియొక గుర్తు. ఇట్టి బాలుని ‘చదువుటకు బద్ధకించుచున్నాడు’ అని కోపించువారు కలరు.

కారణము తెలిసికొనవలెనన్న రెప్ప నిర్మాణము కొంత తెలియవలెను. రెప్ప అంచున, వెండ్రుకల వరుసకు లోపలివైపున, సన్నని నూనెగ్రంథులు వరుసగా నున్నవి. పైరెప్పలో సుమారు 25 నుండి 40 వఱకు, క్రిందిరెప్పలో 20 నుండి 30 వఱకు ఉండును. 1666లో వీనిని వర్ణించిన మైబోమ్ అను జర్మను వైద్యుని పేరే వీనికి నిలిచినది. మనము రెప్ప కొట్టినపు డెల్ల ఈ గ్రంథులనుండి రవంత నూనె వెలువడి కన్నీటిపై పలుచని పొరగా వ్యాపించి, ఆ నీరు త్వరగా ఆవిరి కాకుండ కాపాడును. పుష్యమాసపు తెల్లవాఱుజామున మన ఇండ్లలో కొబ్బరినూనె సీసాలోనే పేరుకొని పోవుట చూచుచున్నాము గదా. ఈ వ్యాధియందు గ్రంథులలోని నూనె ఒంటివేడిలోనే అట్లు చిక్కబడి, ద్వారములను మూసివేయును. నీరు నిలువక కన్ను పొడిబాఱును, అంచు వాచును. దీనికి తోడు చర్మముపై నుండు బాక్టీరియా అచ్చట హెచ్చును. తలలో చుండ్రున్నవారికి బాధ అధికము. వయస్సు మీఱినవారి రెప్పవెండ్రుకల మొదళ్ళలో డెమొడెక్స్ అను కంటికి కనబడని పురుగులు పెరిగి దీనికి కారణమగుటయు కలదు. కావున బిడ్డను చూపింపబోయిన అవ్వ తన కండ్లనుకూడ చూపించుకొనుట మేలు.

ఇది ఒక్క సీసా మందుతో సమూలముగా పోవు వ్యాధి కాదు. పండ్లు తోముకొనుటవలె దినదినము చేయవలసిన పని యున్నది. ఆ పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు, ఓపికతో కూడినది. ముందుగా వేడి కాపడము. కాచిన నీటిని చేయి ఓర్చునంత వఱకు చల్లార్చి, శుభ్రమైన మెత్తని నూలుగుడ్డ ముంచి పిండి, మణికట్టు లోపలివైపున తాకించి చూచి, మూసిన కండ్లపై 5 నుండి 10 నిమిషములు ఉంచవలెను. గుడ్డ ఒకటి రెండు నిమిషములలోనే చల్లబడును గనుక మరల మరల ముంచుచుండవలెను. చాలమంది విడిచిపెట్టునది ఇచ్చటనే. ఒక్కసారి అద్ది తీసిన గుడ్డవలన చిక్కబడిన నూనె కరగదు. పెనముపై కాచిన ఉప్పుమూటను, ఇడ్లీపాత్రపై ఆవిరిని పిల్లల కండ్లకు పట్టరాదు, రెప్పతోలు మిక్కిలి పలుచనిది, కాలును.

కాపడము తీసిన వెంటనే, శుభ్రముగా కడిగిన వ్రేలితో పైరెప్పను క్రిందికి, క్రిందిరెప్పను పైకి, అనగా రెండింటిని అంచువైపునకు, మెల్లగా నిమురవలెను. పిమ్మట కాచి చల్లార్చిన గోరువెచ్చని నీరు ఒక గిన్నెడులో పసిబిడ్డల షాంపూ కొన్ని చుక్కలు కలిపి, దూదితో వెండ్రుకల మొదళ్ళవెంట పొట్టు తుడిచి, మంచినీటితో కడుగవలెను. ఒక కంటికి వాడిన దూది రెండవ కంటికి వాడరాదు. తొలి వారములలో దినమునకు రెండు మారులు, తగ్గిన పిమ్మట ఒక మారు. తగ్గినదని పూర్తిగా మానినచో తిరిగి వచ్చును. తలలో చుండ్రునుకూడ పోగొట్టుకొనవలెను.

మందుల విషయము డాక్టరునకు విడువవలెను. రెప్ప అంచునకు వ్రాయు లేపనము, కన్ను తడిగా నుంచు చుక్కలు, అవసరమైనచో కొన్ని వారములు లోపలికి మందు ఇత్తురు. పెద్దలకు ఇచ్చు డాక్సిసైక్లిన్ 8 ఏండ్లలోపు పిల్లలకు సాధారణముగా ఈయరు, పండ్ల రంగు చెడును, గర్భిణీస్త్రీలకును తగదు. కావున ఇంటిలో మిగిలిన మాత్రలు పంచుకొనరాదు.

అన్నిటికంటె మేము భయపడునది స్టిరాయిడ్ చుక్కలను గూర్చి. ఇవి వేసిన ఒకటి రెండు దినములలోనే ఎఱుపు మాయమగును. అందుచేతనే తల్లులకు వానిపై నమ్మకము. చీటీ లేకుండ అదే సీసాను మరల మరల కొని నెలలతరబడి వేసినచో కంటిలోపలి ఒత్తిడి హెచ్చి నీటికాసులు, చిన్నవయస్సుననే శుక్లము రావచ్చును. నీటికాసులవలన పోయిన చూపు తిరిగి రాదు. డాక్టరే వీనిని వ్రాసినచో, వ్రాసినన్ని దినములే వేయవలెను.

చనుబాలు, ఆముదము, తేనె కంటిలో వేయుట మానవలెను. వాపు ఉన్నన్నాళ్ళు కాటుక తగదు. అంగడి సుర్మాలలో కొన్నిటియందు సీసము ఉండుటచే అది ఎన్నడును పిల్లలకు తగదు. ఖరీదైన చేపనూనె గుళికలకై అప్పు చేయుట అనవసరము: పొడిబాఱిన కండ్లకు వానిని ఆలివ్ నూనె గుళికలతో పోల్చి 2018లో అమెరికాలో ప్రకటించిన పెద్ద పరిశోధనలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. సెల్‌ఫోను చూచునపుడు రెప్ప కొట్టుట చాల తగ్గును గనుక దానిని మితము చేయుట ఖర్చులేని చికిత్స.

వెలుతురు చూడలేక బిడ్డ మొగము త్రిప్పుకొన్నను, నొప్పి యున్నను, చూపు తగ్గినను, నల్లగ్రుడ్డుపై తెల్లని మచ్చ కనబడినను జాగు చేయరాదు. పిల్లలలో ఈ వాపు ఒక్కొక్కప్పుడు నల్లగ్రుడ్డుపై స్వచ్ఛమైన పొరకు ప్రాకి మచ్చలు కలిగించును. చిన్నతనమున ఒక కన్ను మసకగా నుండిపోయినచో మెదడు ఆ కంటి చూపును అలవఱచుకొనదు.

మనకు దూరము పోవలసిన పని లేదు. స్టాన్లీ ప్రభుత్వాసుపత్రి మన పేట ప్రక్కనే యున్నది. అందు కంటివిభాగము కలదు. ఎగ్మూరులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819లో స్థాపింపబడినది. ఆసియాలో ఇట్టివానిలో మొదటిదిగా చెప్పుదురు. చాకలిపేటలో మెట్రోరైలెక్కి సెంట్రల్‌లో మాఱినచో ఎగ్మూరు చేరవచ్చును. పోవునపుడు ఇంటిలో వాడిన చుక్కలసీసాలన్నియు, ఖాళీవి సైతము, సంచిలో వేసికొని పోవలెను. డాక్టరుతో ఊరక ‘మెడ్రాస్ ఐ’ అని చెప్పక, ఎన్ని నెలలుగా నున్నది, ఎన్నిమారులు వచ్చినది, ఉదయము రెప్పలు అతుకుకొనునా అనునవి కాగితముపై వ్రాసికొని చెప్పవలెను. తమిళములో చెప్ప జంకు తల్లులకు పెద్దబిడ్డ తోడు పోవచ్చును. మన పిల్లలకు తమిళము బాగుగనే వచ్చును గదా.

ఇక బడి సంగతి. నిజమైన కండ్లకలక యైనచో డాక్టరు చెప్పినన్ని దినములు బిడ్డను ఇంట నుంచవలసినదే. రెప్పల వాపునకు బడి మాన్పింప నక్కఱలేదు. తోడిపిల్లలు ‘పుసికండ్లు’ అని ఎగతాళి చేయుటవలన, ముఖ్యముగా ఆడపిల్లలు, బడికి రామని ఏడ్చుట మేమెఱుగుదుము. డాక్టరు వ్రాసిన చీటీ ఒకమారు చూపినచో తరగతి ఉపాధ్యాయునికి తెలియజేసి, మధ్యాహ్న విరామమున కన్ను కడుగుకొనుటకు అనుమతి నిత్తుము. పరీక్షల కాలమున తెల్లవాఱుజామున లేచి చదువు పిల్లలు, పుస్తకము తెఱచుటకు ముందే పది నిమిషములు కాపడము పెట్టుకొనవలెను. ఆ సమయమున తల్లియో తండ్రియో ప్రక్కన కూర్చుండి పాఠము చదివి వినిపించినచో ఆ పది నిమిషములును వృథా కావు.