స్ట్రాబెర్రీ తోటలో పురుగు – పండు కోసే చెయ్యి

లంబసింగి పేరు చెప్పగానే చలి గుర్తుకొస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని ఆ కొండవూళ్ళలో, ఆ చలిని నమ్ముకునే స్ట్రాబెర్రీ పంట నిలదొక్కుకుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పిలకలు నాటితే డిసెంబరు కల్లా కాపు మొదలవుతుంది. చలి చూడవచ్చిన జనం తోట గట్టు మీదే పండు కొనుక్కుని అక్కడే తినేస్తారు.

యీ పండుకి తొక్క లేదు, వలిచేది లేదు. ఆకు మీద కొట్టిన మందు పండు మీద పడుతుంది. అది ముందు కోసే కూలి మనిషి వేళ్ళకి అంటుతుంది, తర్వాత తినే పిల్లల నోటికి పోతుంది. అందుచేత స్ట్రాబెర్రీలో పురుగు సంగతి ఒక్క తోట ఆసామి లాభనష్టాల సంగతి కాదు. కూలిజనం ఆరోగ్యం సంగతి కూడాను. పురుగుని అదుపు చెయ్యడం కూలీలకి కూడా తెలిసి వుండాలని మేమంటున్నది అందుకే. రోజూ మొక్కల మధ్య వంగి పనిచేసేది వాళ్ళే. పురుగు ముందు కనపడేదీ వాళ్ళకే.

డబ్బా మూత తియ్యక ముందు

సగం పురుగు నారుతోనే వస్తుంది. కాబట్టి తెగులు లేని పిలకలు తెచ్చుకోవాలి. నాటే ముందు ఒక్కొక్క పిలక ఆకుల అడుగు తిప్పి చూడాలి. మాగని పశువుల ఎరువు వేస్తే వేరుపురుగుని మనమే పిలిచినట్టు, బాగా చివికిన ఎరువే వెయ్యాలి. వంగ, టమాటా, బంగాళాదుంప పండించిన మడిలో వెంటనే స్ట్రాబెర్రీ నాటవద్దు. ఆ పంటలకి వచ్చే వడలు తెగులు నేలలో మిగిలి దీనికీ వస్తుంది.

మళ్ళు ఎత్తుగా తియ్యాలి. పండు మట్టికి తగలకుండా గడ్డిగాని, మల్చింగ్ షీటుగాని పరవాలి. నీళ్ళు మొదట్లోకే, బొట్లుబొట్లుగా పెట్టాలి. పైనించి చిమ్మితే ఆకూ పండూ తడిసి బూజు తెగులు లేస్తుంది. మొక్కకీ మొక్కకీ మధ్య గాలి ఆడాలి. ముదిరిన ఆకులు, కుళ్ళిన పండ్లు ఎప్పటికప్పుడు తీసెయ్యాలి. కోసేవాళ్ళ దగ్గర రెండు బుట్టలుండాలి, ఒకటి మంచి పండుకి, ఒకటి కుళ్ళుకి. కుళ్ళుబుట్టని తోట బయట గోతిలో పూడ్చాలి, గట్టు మీద పారెయ్యకూడదు. యీ పనికి కూలి ఖర్చవుతుందని ఆసాములు వెనకాడతారు. ఆ కూలి మిగుల్చుకోబోతే రేపు మందుల కొట్టుకి చెల్లించాలి.

ఎవరు శత్రువు, ఎవరు మిత్రుడు

అన్నిటికంటె మొండిది ఎర్రనల్లి. అర మిల్లీమీటరు వుంటుంది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. ఆకు మీద పసుపు చుక్కలు పడి, కంచురంగు తిరిగి, చివరికి సన్నని గూడు అల్లుకుంటుంది. ఎండ ముదిరి గాలి పొడిగా వుంటే గుడ్డు నుంచి పెద్దది కావడానికి వారం పదిరోజులు చాలు. దుమ్ము దానికి కలిసొస్తుంది, కాబట్టి బాటల మీద నీళ్ళు చల్లాలి. ఒక చిన్న భూతద్దం కొని వారానికి రెండుసార్లు ఆకులు తిప్పి చూడాలి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. నల్లి కనపడగానే అన్ని పురుగుల్నీ చంపే ఘాటుమందు కొడతారు. నల్లిని తినే నల్లులు వేరే వున్నాయి. అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు కూడా మన పక్షమే. ఘాటుమందుకి ముందు చచ్చేది యీ మిత్రులు. శత్రువు రెండు వారాల్లో రెట్టింపై తిరిగొస్తుంది. మళ్ళీ మందు, మళ్ళీ అప్పు. మేలుచేసే పురుగుల్ని పెంచే పద్ధతి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో నేర్పుతారు. చింతపల్లిలోనే వ్యవసాయ పరిశోధనా స్థానం వుంది. రైతులూ కూలీలూ కలిసి వెళ్ళి అడగాలి.

పేనుబంక లేత చిగుళ్ళ మీద చేరుతుంది, వైరస్ తెగుళ్ళు మోసుకొస్తుంది. యూరియా ఎక్కువైతే యిదీ ఎక్కువే. తామర పురుగులు పూలలో దూరి పండుని గోధుమరంగు చేస్తాయి, వాటికి నీలం, పసుపు జిగురు అట్టలు కట్టాలి. లద్దె పురుగుకి లింగాకర్షక బుట్టలు పెట్టాలి, గట్ల మీద ఆముదం వెయ్యాలి, ఆ ఆకుల మీది గుడ్లని ఏరి నలపాలి. నత్తలు రాత్రిపూట పండుకి బొక్కలు పెడతాయి. సాయంత్రం తడి గోనెపట్టాలు పరిచి, తెల్లారి ఎత్తి, వాటి కింద చేరిన నత్తల్ని ఏరి ఉప్పునీళ్ళలో వెయ్యాలి. దీనికి డబ్బా మందు అక్కర్లేదు.

మందు కొట్టక తప్పకపోతే

ముందు వేపగింజల కషాయం. 5 కిలోల వేపపప్పు పొడిని 10 లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంచెం సబ్బుపొడి కలిపి, 100 లీటర్లు చేసి సాయంత్రం కొట్టాలి. పగలు పూల మీద తేనెటీగలుంటాయి. అవి రాకపోతే పండు వంకర తిరుగుతుంది. నల్లికీ బూడిద తెగులుకీ గంధకం పనిచేస్తుంది, కాని ఎండ మండేటప్పుడు కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొట్టవద్దు.

అంతకీ లొంగకపోతే రసాయనం. లేబుల్ మీద ఆ పంట పేరుందా, మందు కొట్టాక కోతకి ఎన్నాళ్ళు ఆగాలి అన్నవి చదివించుకోవాలి. చిక్కంతా ఇక్కడే వుంది. స్ట్రాబెర్రీ రోజు విడిచి రోజు కొయ్యాలి. 5 రోజులు ఆగాలని లేబుల్ చెప్తే రెండు కోతలు పోతాయి. ఆసామి ఆగడు, కూలీకి పని పోతుందని భయం. ఆ రెంటి మధ్యా విషం పండులో మిగిలిపోతుంది.

దీనికి దారి వుంది. తోటని నాలుగు భాగాలు చెయ్యాలి. పురుగున్న భాగంలో పండిన కాయంతా కోసేసి, అక్కడ మాత్రమే కొట్టి, ఎర్రజెండా పాతాలి. గడువు తీరేదాకా ఎవరూ ఆ మడిలో దిగకూడదు. మిగతా మూడు భాగాల్లో పని నడుస్తూనే వుంటుంది. కూలి పోదు, పండూ చెడదు.

అడిగి సాధించుకోవలసినవి

మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తిచేలకి మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా రైతులూ, కూలీలూ చనిపోయారు. అప్పటికి పురుగుమందుల చట్టం 1968 నుంచీ, దాని నిబంధనలు 1971 నుంచీ వున్నాయి. రక్షణ దుస్తులు, ముఖానికి తొడుగు, ప్రథమ చికిత్స, శిక్షణ, అన్నీ అందులో రాసున్నాయి. కాగితం మీది గ్లౌజు చేతికి రావాలంటే కూలీలు గట్టిగా అడగాలి.

అడిగితే వస్తుందనడానికి స్ట్రాబెర్రీ తోటలే సాక్ష్యం. అమెరికాలోని కాలిఫోర్నియాలో నేలలోని పురుగూ తెగులూ చంపడానికి మిథైల్ అయొడైడ్ అనే విషవాయువుకి 2010 డిసెంబరులో అనుమతిచ్చారు. ప్రభుత్వం వేసిన శాస్త్రజ్ఞుల సంఘమే అది ప్రమాదమని చెప్పినా లెక్కచెయ్యలేదు. తోట కూలీల సంఘాలు, పర్యావరణవాదులు వీధికెక్కారు, కోర్టుకెక్కారు. 2012 మార్చిలో కంపెనీయే ఆ మందుని అమెరికా మార్కెట్టునుంచి వెనక్కి తీసుకుంది.

మన తోటల్లో అడగవలసినవి యివి. మందు కొట్టే మనిషికి గ్లౌజులు, ముఖానికి తొడుగు, బూట్లు ఆసామే ఇవ్వాలి. సబ్బూ నీళ్ళూ తోటలో వుండాలి. గర్భిణులకీ పిల్లలకీ మందు పని చెప్పకూడదు. ఏ మడిలో ఏ మందు ఏ రోజు కొట్టారో పలక మీద రాసి గట్టున పెట్టాలి. తలనొప్పి, వాంతి, చెమట, చొంగ, చూపు మసక వస్తే ఆ మనిషి బట్టలు విప్పించి, సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఏ విరుగుడు ఇవ్వాలో డాక్టరుకి ఆ లేబులే చెప్తుంది.

పురుగు మీద కన్నూ, మందు లెక్కా రెండూ కూలీల చేతుల్లో వుండాలి. యీ సీజను మొదటి కోతకి ముందే పదిమందీ కూర్చుని యీ సంగతులు ఆసామితో తేల్చుకోండి. కోత మొదలయ్యాక మాట్లాడదామంటే తీరిక వుండదు.