ఊరు వెంట వచ్చిన పేరు
(కిర్క్‌పాట్రిక్ నుంచి మన ఇంటిపేర్ల దాకా)

హాస్టల్‌లో చేరిన కొత్తలో మమ్మల్ని ఎవరూ సొంత పేరుతో పిలవలేదు. ఒకే గదిలో ముగ్గురు రమేష్‌లు ఉంటే ఏం చేస్తారు? "ఒరేయ్ ఆలేరూ", "ఏమోయ్ కల్వకుర్తీ" అని ఊరిపేరుతోనే పిలిచేవారు. ఆలేరులో ఉన్నన్నాళ్ళు ఎవరినీ ఎవరూ ఆలేరు అని పిలవరు. అక్కడ అందరిదీ ఆలేరే కదా! ఊరు దాటి వచ్చాకనే ఊరు మన పేరవుతుంది. ఊరిపేర్లు ఇంటిపేర్లుగా మారడం వెనక ఉన్న కిటుకు ఇదే. మన దగ్గరే కాదు, ప్రపంచంలో చాలా చోట్ల ఇలాగే జరిగింది.

దూరదేశపు ఉదాహరణ ఒకటి మనకు నడిచి వెళ్ళేంత దగ్గరలోనే ఉంది. మన పాతబస్తీ నుంచి నయాపూల్ మీద మూసీ దాటి, అఫ్జల్‌గంజ్ మీదుగా కోఠి చేరితే పెద్ద పెద్ద స్తంభాలతో పాత రెసిడెన్సీ భవనం కనిపిస్తుంది. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన భవనం అది. ఆయన 1764లో మద్రాసులో పుట్టి, 1805లో కలకత్తాలో చనిపోయాడు. హైదరాబాదీ యువతి ఖైరున్నీసాను పెళ్ళి చేసుకున్నాడు. నిజాం ఆయనకు హష్మత్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు.

ఇంతకీ కిర్క్‌పాట్రిక్ అంటే ఏమిటి? స్కాట్లాండ్ వాళ్ళ మాటలో 'కిర్క్' అంటే చర్చి. పాట్రిక్ ఒక క్రైస్తవ సాధువు పేరు. కిర్క్‌పాట్రిక్ అంటే 'పాట్రిక్ గుడి' అన్నమాట. మనకు గుడివాడ, గుడిపల్లి ఉన్నట్టే స్కాట్లాండ్ దక్షిణాన డంఫ్రీస్ ప్రాంతంలో ఈ పేరుతో ఊళ్ళున్నాయి. 1232లో స్కాట్లాండ్ రాజు రెండవ అలెగ్జాండర్ క్లోజ్‌బర్న్ అనే చోటి భూములను ఈ ఇంటివాళ్ళకు పట్టా చేశాడు. అప్పటి రాతల్లో వాళ్ళ పేరు 'డి కిర్క్‌పాట్రిక్' అని ఉండేది. అంటే 'కిర్క్‌పాట్రిక్‌కు చెందినవాడు' అని. కాలక్రమంలో 'డి' రాలిపోయి ఊరిపేరొక్కటే ఇంటిపేరుగా నిలిచింది.

ఈ పేరు కూడా మన సర్టిఫికెట్లలో పేర్ల లాగే చేతులు మారినప్పుడల్లా మారింది. హైదరాబాదు రెసిడెంటు గారి తాత ఒక వైద్యుడు. అమెరికాలోని చార్లెస్టన్‌లో పనిచేసే రోజుల్లో ఆయన ఇంటిపేరు కిల్‌పాట్రిక్. లండన్ చేరాక దాన్ని కిర్క్‌పాట్రిక్ చేసుకున్నాడు. గేలిక్ భాషలో 'కిల్' అన్నా చర్చే కాబట్టి అర్థం మారలేదు. రెసిడెంటు గారి పిల్లలిద్దరినీ 1805లో ఇంగ్లండు పంపించారు. ఇక్కడ సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం అని పిలిచిన ఆ పిల్లలు అక్కడ విలియం జార్జ్, కేథరిన్ అరోరా అయ్యారు. అమ్మ ఇంట పిలిచిన పేర్లు పోయాయి. ఎన్నడూ చూడని ఊరిపేరు మాత్రం వాళ్ళకు మిగిలింది.

ఇక మన సంగతి. హైదరాబాదు రాష్ట్రానికి 1952లో ముఖ్యమంత్రి అయిన రామకృష్ణారావు గారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. అప్పటి పాలమూరు జిల్లాలోని స్వగ్రామం బూర్గుల పేరే ఆయనకు ఇంటిపేరుగా స్థిరపడింది. బాబాసాహెబ్ అంబేద్కర్ గారిదీ ఇదే కథ. తండ్రి రాంజీ ఇంటిపేరు సక్‌పాల్. వారి పూర్వికుల ఊరు రత్నగిరి జిల్లాలోని అంబడవే. మరాఠీలో ఊరిపేరుకు 'కర్' చేరిస్తే 'ఆ ఊరివాడు' అని అర్థం. 1900 నవంబరు 7న సతారా హైస్కూలులో చేరినప్పుడు రిజిస్టరులో ఎక్కిన పేరు భివా రాంజీ అంబేద్కర్. సక్‌పాల్ అనే పేరు ఈ రోజు ఎంతమందికి తెలుసు? ఒక చిన్న ఊరిపేరు ప్రపంచానికంతా తెలిసింది.

మిత్రులారా, ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మనలో చాలామంది ఇంటిపేరు చెప్పడానికి వెనకాడతారు. అద్దెగది కోసం వెళితే "పూర్తి పేరు చెప్పు బాబూ" అంటారు. ఎందుకడుగుతున్నారో మనకు తెలుసు. చెప్పాక "గది ఇప్పుడే వేరేవాళ్ళకు ఇచ్చేశాం" అన్న మాటా మేము విన్నాం. ఆ రోజు నుంచి మాలో ఒకరు పేరు ముందు ఒక్క పొడి అక్షరం పెట్టి ఊరుకున్నారు. కానీ ఊరిపేరుతో వచ్చిన ఇంటిపేరు ఏ ఒక్క కులం సొత్తూ కాదు. ఒకే ఊరు విడిచిన అన్ని కులాలవాళ్ళకూ అదే ఇంటిపేరు ఉండవచ్చు. ఎవరెక్కడి నుంచి వచ్చారో చెప్పడానికి పుట్టిన పేరును, ఎవరెంత తక్కువో తేల్చడానికి వాడుతున్నారు. తప్పు పేరుది కాదు, అడిగేవారిది.

మళ్ళీ కోఠికే వద్దాం. ఆ రెసిడెన్సీ ఆవరణలో ఎన్నో ఏళ్ళు మహిళా కళాశాల నడిచింది. అది విశ్వవిద్యాలయమయ్యాక 2024లో చాకలి ఐలమ్మ గారి పేరు పెట్టారు. పాలకుర్తిలో దొరల మీద భూమి కోసం నిలబడ్డ ఆ తల్లి ఇంటిపేరు చిట్యాల. ఆ పేరుతో మన తెలంగాణలో ఊళ్ళున్నాయి. కానీ లోకం ఆమెను ఇంటిపేరుతో కాక కులం పేరుతో పిలిచింది. ఆమె మాత్రం ఆ పిలుపునే గౌరవంగా మార్చి చూపింది. దొరగారి ఇంటిపేరుతో మొదలైన ఆవరణ ఈనాడు ఆమె పేరుతో నిలబడింది.

అందుకే ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తాతనో నాయనమ్మనో అడగండి. "మన ఇంటిపేరు ఏ ఊరిది? అక్కడి నుంచి మనం ఎందుకు వచ్చేశాం?" అని. కరువుకు వచ్చామా, వెట్టి తప్పించుకోవడానికి వచ్చామా, పెళ్ళిసంబంధంతో వచ్చామా అన్నది వాళ్ళతోనే పోకూడదు. విన్నది నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. టెన్త్ మెమోలో, కుల ధృవపత్రంలో, ఆధార్‌లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో కూడా చూసుకోండి. ఒక్క అక్షరం తేడాకు స్కాలర్‌షిప్ ఆగిపోయిన మిత్రులు మన మధ్యే ఉన్నారు.

ఈసారి ఎవరైనా పూర్తి పేరు అడిగితే పొడి అక్షరంతో ఆపకండి. ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పండి.