అమెరికాలో డ్రైవింగ్ లైసెన్సు: ఇంటి దగ్గరే మొదలు పెట్టవలసిన పని

విదేశీ చదువుల రుణం కోసం మా బ్యాంకుకు వచ్చే తల్లిదండ్రులు వడ్డీ ఎంతో అడుగుతారు, వాయిదాలు ఎప్పటి నుంచి కట్టాలో అడుగుతారు, డాలరు ఎంత పలుకుతోందో అడుగుతారు. ఆవకాయ ఎన్ని కిలోలు పంపవచ్చో నన్నే అడిగినవారూ ఉన్నారు. డ్రైవింగ్ లైసెన్సు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అది అక్కడికి వెళ్ళాక పిల్లలే చూసుకుంటారని అందరి ధీమా. నా అభిప్రాయం వేరు. అందులో సగం పని పిల్లలు ఇంట్లో ఉండగానే చేసుకోవలసినది. మా అన్నయ్యగారి అబ్బాయి టెక్సాస్ రాష్ట్రంలో చదువుకున్నాడు. ఆ కాగితాలను నేను దగ్గరగా చూశాను కనుక ఉదాహరణలు ఎక్కువగా ఆ రాష్ట్రానివే ఇస్తున్నాను.

న్యూయార్క్, షికాగో వంటి మహానగరాలను పక్కన పెడితే, మన పిల్లలు చేరే విశ్వవిద్యాలయాలు చాలావరకు చిన్న ఊళ్ళలో ఉంటాయి. బియ్యం కొట్టు రెండు మైళ్ళు, ఆసుపత్రి ఐదు మైళ్ళు, మధ్యలో బస్సు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పైగా అక్కడ లైసెన్సు అంటే బండి నడిపే అనుమతి ఒక్కటే కాదు. మనకు ఆధార్ కార్డు ఎలాగో, దైనందిన వ్యవహారాల్లో వాళ్ళకు ఆ కార్డు అలాగ. ఇల్లు అద్దెకు తీసుకున్నా, బ్యాంకు ఖాతా తెరిచినా దాన్నే చూపమంటారు. అది లేనివాడు ప్రతి పనికీ పాస్‌పోర్టు వెంట తిప్పుకోవాలి. పోగొట్టుకుంటే ఆ బాధ వేరు.

మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం దేశమంతటికీ ఒక్కటే. అక్కడ ఏ రాష్ట్రం పద్ధతి ఆ రాష్ట్రానిది. ఆఫీసు పేరు కూడా ఒకటి కాదు. టెక్సాస్‌లో ప్రజా భద్రతా శాఖ ఇస్తుంది, ఇల్లినాయ్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఇస్తారు, మిస్సోరీలో రెవెన్యూ శాఖవారు ఇస్తారు. కాబట్టి న్యూజెర్సీలో ఉన్న పక్కింటివారి అమ్మాయి చెప్పిన మాట మన అబ్బాయి ఊరికి వర్తిస్తుందని అనుకోరాదు.

ఇక అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. మన పత్రిక పాఠకులకు ఇది మరీ దగ్గరి విషయం. హోసూరు, కోయంబత్తూరు, బెంగళూరు ప్రాంతాల్లో రెండు మూడు తరాలుగా స్థిరపడిన మన కుటుంబాల్లో ఇంటిపేరు బడి రిజిస్టరులో ఒక్క పొడి అక్షరంగా మిగిలిపోయింది. కొందరికి ఆ అక్షరం ఇంటిపేరుది కూడా కాదు, స్థానిక ఆచారం ప్రకారం తండ్రి పేరుది. మహారాష్ట్ర వెళ్ళినవారికి మధ్యలో తండ్రి పేరు చేరి ఇంటిపేరు చివరికి పోయింది. బరంపురం వైపు కూడా ఇంటిపేరును చివర రాసుకునేవారు చాలామంది. నేను అన్ని వైపులా బదిలీల మీద తిరిగినవాణ్ణి. ఒకే కుటుంబంలో అన్నదమ్ముల పేర్లు మూడు రకాలుగా ఉన్న ఖాతాలు ఎన్నో చూశాను.

‘కె. వెంకటరమణ’ అనే కుర్రవాడు ఉన్నాడనుకుందాం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలేసి, సొంత పేరు గడిలో ‘వెంకటరమణ’ అని మాత్రం వేయించారు. అమెరికా వీసాలో ఉన్న ఆ ఒక్క పేరూ ఇంటిపేరు గడిలోకి వెళుతుంది. సొంత పేరు గడిలో ‘ఎఫ్.ఎన్.యు.’ అని పడుతుంది. సొంత పేరు తెలియదు అని దాని అర్థం! బారసాల నాడు పదిమందిని పిలిచి బియ్యంలో రాసిన పేరు అక్కడ తెలియని పేరైపోతుంది. ఆ మూడక్షరాలు కొందరికి లైసెన్సు మీదకు కూడా వస్తాయి. నవ్వుకుని వదిలేసే విషయం కాదు. లైసెన్సు ఇచ్చే ఆఫీసు విద్యార్థి వివరాలను ‘సేవ్’ అనే కేంద్ర ప్రభుత్వ కంప్యూటరు ఏర్పాటు ద్వారా సరిపోల్చుకుంటుంది. పాస్‌పోర్టు, వీసా, విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20, దేశంలో అడుగుపెట్టినట్టు నమోదయ్యే ఐ-94, ఈ నాలుగింటిలో పేరు, పుట్టిన తేదీ ఒక్కలాగే ఉండాలి. తేడా వస్తే మనిషి చేత మళ్ళీ తనిఖీ చేయిస్తారు. దానికి రోజులు పట్టవచ్చు, వారాలూ పట్టవచ్చు.

అందుచేత వీసాకు దరఖాస్తు చేయక ముందే పాస్‌పోర్టు తీసి రెండు గడులూ చూసుకోండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, తగిన ఆధారాలు చూపి మార్పులతో కొత్త పాస్‌పోర్టు తీసుకునే వీలుంది. ఏడాది ముందు చేస్తే అది మామూలు పని. వీసా వచ్చాక చేస్తే అన్ని కాగితాలనూ తిరగరాయించుకోవాలి. తేదీల విషయంలో ఇంకొక మాట. అమెరికావారు ముందు నెల, తరువాత రోజు రాస్తారు. 05-08 అని రాస్తే మనకు ఆగస్టు 5, వారికి మే 8.

విమానం దిగిన మర్నాడే లైసెన్సు ఆఫీసుకు పరుగెత్తితే ప్రయోజనం ఉండదు. విశ్వవిద్యాలయంవారు విద్యార్థి వచ్చినట్టు ‘సెవిస్’లో నమోదు చేయాలి, ఆ వివరం మిగతా కంప్యూటర్లకు చేరాలి. దేశంలో దిగాక 10 రోజులు ఆగి వెళ్ళమని అక్కడి విద్యార్థి వీసాల విభాగమే సలహా ఇస్తుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు కదా అని కొందరు పిల్లలు ఆగిపోతారు. ఎఫ్-1 విద్యార్థికి పని దొరికితేనే ఆ నంబరు ఇస్తారు. పని లేనివారికి అర్హత లేదని ఆ ఆఫీసే ఉత్తరం ఇస్తుంది. చాలా రాష్ట్రాల్లో ఆ ఉత్తరం చూపితే చాలు.

మన లైసెన్సు అక్కడ చెల్లదా అంటే, కొంతకాలం చెల్లుతుంది. టెక్సాస్‌లో కొత్తగా కాపురం పెట్టినవారికి 90 రోజుల గడువు ఉంది. ఇతర రాష్ట్రాల గడువులు వేరు. ఇక్కడి ఆర్టీవో ఆఫీసులో 1,000 రూపాయల రుసుముతో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ ఒక సంవత్సరం పనిచేస్తుంది. అది మన లైసెన్సుకు అనువాదం వంటిదే గాని విడిగా లైసెన్సు కాదు, రెండూ కలిపి చూపాలి. పాస్‌పోర్టు, వీసా పట్టుకుని యానాంవారు యానాంలో, బళ్ళారివారు బళ్ళారిలో ప్రయాణానికి ముందే తీసుకోవడం మేలు. ‘ఇంటర్నేషనల్ లైసెన్సు’ పేరుతో ఎవరో ప్రైవేటువారు అమ్మే పుస్తకాలకు డబ్బు పోయవద్దు.

ఫ్రాన్స్, జర్మనీ, దక్షిణ కొరియా వంటి కొన్ని దేశాల లైసెన్సును టెక్సాస్ మార్చి ఇస్తుంది. మనకు ఆ ఒప్పందం లేదు కనుక రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ తప్పవు. 18 నుంచి 24 ఏళ్ళలోపు వారైతే ముందుగా 6 గంటల పాఠం కూడా పూర్తి చేయాలి. రాత పరీక్షలో 30 ప్రశ్నలకు 21 రైటు రావాలి. ఇక్కడ బ్యాంకు పరీక్షలు రాసిన పిల్లలకు అదొక లెక్క కాదు. రోడ్డు పరీక్షకు కారు మనమే తెచ్చుకోవాలి, దానికి ఇన్సూరెన్సు ఉండాలి. లైసెన్సు రుసుము 33 డాలర్లు.

ఇక్కడ పదేళ్ళు బండి నడిపినవారు కూడా ఆ రోడ్డు పరీక్షలో తప్పడం కద్దు. మన ఆర్టీవో మైదానంలో 8 వేయించి చేతివాటం చూస్తారు. అక్కడి అధికారి ముఖ్యంగా చూసేది ఆగడం, చూడడం. స్టాప్ బోర్డు దగ్గర చక్రం పూర్తిగా నిలవాలి. ఎవరూ లేరు కదా అని మెల్లగా జారుకుంటూ పోతే తప్పే. నాలుగు వైపులా స్టాప్ బోర్డులుంటే ముందు వచ్చినవాడు ముందు కదులుతాడు. ఇద్దరు ఒకేసారి వస్తే కుడిపక్కన ఉన్నవాడిది హక్కు. మన కూడలిలో ధైర్యం ఉన్నవాడు ముందు పోతాడు, ఆ అలవాటు అక్కడ పనికిరాదు. వరుస మారేటప్పుడు అద్దం చూస్తే సరిపోదు, మెడ తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడాలి. స్కూలు బస్సు ఎర్ర దీపాలు వెలిగించి ఆగితే వెనకవారే కాదు, మధ్య అడ్డుగోడ లేని రోడ్డుపై ఎదురుగా వచ్చేవారు కూడా ఆగాలి. అన్నిటికీ మించి బండి కుడివైపు నడవాలి. ఎడమవైపు తిరిగేటప్పుడు మన పిల్లలు పాత అలవాటున ఎదురు వరుసలోకి పోయే ప్రమాదం ఉంది. కార్లన్నీ దాదాపు క్లచ్ లేనివే కాబట్టి ఎడమ కాలికి పని లేదు. ఆ కాలు క్లచ్ అనుకుని బ్రేకు తొక్కుతుంది. మొదటి నాలుగు రోజులు ఖాళీ పార్కింగ్ స్థలంలో, తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పితే ఆ కాలికి బుద్ధి వస్తుంది.

పోలీసు దీపాలు వెనక వెలిగితే బండిని కుడిపక్కకు తీసి ఆపాలి. మనవాళ్ళు గౌరవం కొద్దీ దిగి అధికారి దగ్గరకు నడిచి వెళతారు. అక్కడ అలా దిగడం బెదిరింపుగా కనిపిస్తుంది. కూర్చున్నచోటే కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, అడిగినప్పుడు చెప్పి మరీ కాగితం తీయాలి. నోటు చేతిలో పెట్టే ఆలోచన కలలో కూడా రాకూడదు, అది జైలుకు పోయే నేరం.

దరఖాస్తు ఫారంలో రెండు గడుల గురించి పిల్లలకు ముందే చెప్పి పంపండి. ఒకటి అవయవదానానికి సమ్మతి. అవునంటే టెక్సాస్ కార్డు మీద చిన్న గుండె బొమ్మ వేస్తారు. అది పిల్లల ఇష్టం, ఇంట్లో ఒకసారి మాట్లాడుకుంటే చాలు. రెండవది మాత్రం చాలా ప్రమాదకరమైనది. 1993 నాటి చట్టం ప్రకారం లైసెన్సు దరఖాస్తుతో పాటే ఓటరుగా నమోదు కావడానికి వీలు కల్పించారు. ‘మీరు పౌరులేనా? ఓటరుగా చేరతారా?’ అని అడుగుతారు. వరుసగా అన్నిటికీ టిక్కులు పెట్టుకుంటూ పోయే అలవాటు మన పిల్లలకు ఉంది. పౌరుడు కానివాడు పౌరుణ్ణని రాసిస్తే దేశం నుంచి పంపివేయడం, మళ్ళీ ఎన్నటికీ రానివ్వకపోవడం వరకు పోవచ్చు. బ్యాంకులో సంతకం పెట్టే ముందు చదవమని ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను, వినేవారు తక్కువ. ఈ ఒక్క ఫారం దగ్గరైనా వినమని చెప్పండి.

కారు కొనమని అబ్బాయి ఫోను చేస్తే కారు ధర తరువాత చూద్దాం, ముందు ఇన్సూరెన్సు చూడాలి. మన దేశంలో థర్డ్ పార్టీ పాలసీ ఉంటే, ప్రమాదంలో ఎదుటివారికి ప్రాణనష్టం జరిగినప్పుడు ట్రిబ్యునల్ నిర్ణయించినంత కంపెనీ చెల్లిస్తుంది. అక్కడ పాలసీకి హద్దు ఉంటుంది. టెక్సాస్‌లో చట్టం కోరే కనీసం 30/60/25. అంటే గాయపడిన ఒక్కొక్కరికి 30,000 డాలర్లు, ప్రమాదం మొత్తానికి గాయాల కింద 60,000, ఆస్తి నష్టానికి 25,000. అక్కడి ఆసుపత్రి ఖర్చుల ముందు 30,000 డాలర్లు నిలిచేది ఎన్ని రోజులు? మిగిలినది నడిపినవాడి మీద పడుతుంది. చదువు రుణం ఇంకా తీరని వాడి మీద అది ఎంత బరువో వేరే చెప్పనక్కరలేదు. ప్రీమియం కొంచెం పెరిగినా హద్దు ఎక్కువున్న పాలసీ తీసుకోవడమే లాభమని నా లెక్క. నలుగురు కుర్రాళ్ళు కలిసి ఒక కారు వాడుకుంటే నలుగురి పేర్లూ కంపెనీకి తెలపాలి. పేరు లేనివాడు నడిపి గుద్దితే కంపెనీ పేచీ పెట్టవచ్చు. ఇక ఆ కారుతో సాయంత్రాలు అద్దె సవారీలు, భోజనాల పార్సిళ్ళు తిప్పి నాలుగు డాలర్లు సంపాదించడం ఎఫ్-1 వీసా మీద అనుమతి లేని ఉద్యోగం కిందకు వస్తుంది.

మద్యం సంగతి రాయక తప్పదు. 21 ఏళ్ళు నిండనివారు అక్కడ మద్యం కొనడానికే వీల్లేదు. తాగి నడిపి అరెస్టయితే, కోర్టు శిక్ష వేయక ముందే వీసాను రద్దు చేసే పద్ధతిని విదేశాంగ శాఖ 2015 నుంచి పాటిస్తోంది. చిన్న కేసులు కూడా ఊరికే పోవడం లేదు. 2025 ఏప్రిల్‌లో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను ఉన్నట్టుండి రద్దు చేశారు. పోలీసు కంప్యూటరు జాబితాలో పేరు కనబడడమే చాలామంది విషయంలో కారణం. వారిలో మామూలు ట్రాఫిక్ కేసులవారు, కేసు కొట్టివేసినవారు కూడా ఉన్నారు. విద్యార్థులు కోర్టులకెక్కిన తరువాత ఆ నెలాఖరులో రికార్డులను తిరిగి నిలబెడుతున్నట్టు ప్రభుత్వం తెలిపింది. ఆ మూడు నాలుగు వారాలు ఆ ఇళ్ళలో ఎవరికి నిద్ర పట్టి ఉంటుంది? ట్రాఫిక్ టికెట్ వస్తే అందులో రాసిన గడువులోగా జరిమానా కట్టడమో, కోర్టుకు వెళ్ళడమో చేయాలి. పారేస్తే వారంటు దాకా పోతుంది. తేలిన కేసు కాగితాలను కూడా భద్రంగా దాచుకోవాలి.

లైసెన్సు చేతికి వచ్చాక దాని మీద ముగింపు తేదీని చూసుకోవాలి. విద్యార్థులకు ఇచ్చేది పరిమిత కాలపు కార్డు. వారి చదువు కాగితం గడువుతో పాటే అదీ ముగుస్తుంది. ఐ-20 పొడిగించినప్పుడల్లా కార్డునూ పొడిగించుకోవాలి. గది మారినప్పుడు కొత్త చిరునామాను విశ్వవిద్యాలయానికి 10 రోజుల్లోగా, టెక్సాస్ అయితే లైసెన్సు ఆఫీసుకు 30 రోజుల్లోగా తెలపాలి. కార్డు పోస్టులో వస్తుంది కనుక, ఏ గదిలో ఎన్నాళ్ళుంటారో తేల్చుకున్న తరువాతే దరఖాస్తు పెట్టమని మావాడికి చెప్పాను.