చెమట పట్టని మచ్చ

పాడేరుకొండలలో పసుపు వండుదినములలో ఒక రైతు పొయ్యిమీది కొప్పెరను వట్టిచేతులతో దింపుట చూచితిమి. చుట్టునున్నవారు అతని ధైర్యమును మెచ్చుకొనిరి. మేమును మెచ్చుకొంటిమి, అది మా తప్పు. మరునాటికి కుడియరచేయి పొక్కులెక్కెను. నొప్పి లేదని యతడు నవ్వెను. ముంజేతిపై పాలిపోయిన మచ్చ యుండుట మేమప్పుడు గాని గమనింపలేదు.

చర్మమునకు వచ్చు నరపుపోగులలో లావైనవి స్పర్శను దెలుపును. మిక్కిలి సన్ననివి వేడిని, చలిని, నొప్పిని దెలుపుటయే గాక చెమటగ్రంథులచే పని చేయించును. రక్తనాళములను ముడుచుచు విప్పుచుండును. కుష్ఠువ్యాధిలో తఱచుగా ముందు చెడునవి యీ సన్ననిపోగులే. అందుచేతనే చేయి పారను గట్టిగా పట్టును గాని నిప్పు నెఱుగదు. 1873లో నార్వేదేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొనిన సూక్ష్మజీవి శరీరమున చల్లనితావులను కోరును. కనుక చర్మమునకు చేరువనున్న నరములే దానికి నెలవు.

వైద్యుడు వేడినీటి, చన్నీటి గాజుగొట్టములను తాకించి పరీక్షించును. రైతునకు సులభమైన గుర్తు వేఱొకటి కలదు. చోడిచేలో కలుపు తీసి వచ్చునపుడు ఒడలెల్ల చెమర్చి, మచ్చ యొక్కటి పొడిగా నున్నచో అనుమానింపవలెను. అచ్చట వెండ్రుకలును పలుచబడును. తామర దురద పెట్టును, ఇది పెట్టదు. కనుకనే యెవ్వరును వైద్యుని చెంతకు పోరు.

చెమట లేని చర్మము వేసవి చెఱువుమట్టివలె బీటలు వాఱును. బీటలలో మురికి చేరి పుండగును. నొప్పి లేదు గనుక ఆ పుండుతోనే పొలము త్రొక్కుదురు. అది ఎముకదాక పోవును. వ్రేళ్లు వాటంతట నవి ఊడిపడునని మనవారనుకొందురు గాని, వాటిని తినునవి యీ కాలినగాయములు, పుండ్లే. మధుమేహమున పాదములకు పట్టు పుండ్ల కథయు చాలవఱకు నిట్టిదే.

పలుమందుల చికిత్సను ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా నిత్తురు. వ్యాధితీరునుబట్టి ఆరునెలలో, సంవత్సరమో పుచ్చుకొన్న నయమగును. మందు మొదలిడిన కొలదిదినములలోనే అంటు తగ్గిపోవును. సంఘసభలో అట్టివాని ప్రక్కను కూర్చుండుటకు వెనుదీయ నక్కఱలేదు. అయితే చాలకాలము చెడియున్న నరమును మందు తిరిగి తేజాలదు. అట్టివారు ప్రతిసాయంకాలము కాళ్లు చేతులు ఇరువది నిమిషములు నీట నానబెట్టి, తడి యాఱకమునుపే నూనె రాయవలెను. అరచేతులను, అరికాళ్లను కంటితో వెదకి చూచుకొనవలెను; నొప్పి చెప్పవలసినదానిని ఇక కన్నే చెప్పవలెను. చెప్పులకు మేకులు పనికిరావు.

ఆ రైతు ఇప్పుడు మందు పుచ్చుకొనుచున్నాడు. కొప్పెరను గోనెపట్టతో పట్టి దింపుచున్నాడు. ముంజేతిమచ్చ ఎఱ్ఱటియెండలో నేటికిని పొడిగానే యున్నది.