బర్కిట్ కంతి : బాలలకు వచ్చు నొక యరుదైన వ్యాధి



మన దేహమున రక్తనాళములు గాక, శోషరసమను తేటద్రవమును గొనిపోవు సన్నని నాళములు వేఱుగా గలవు. వాని దారిలో నక్కడక్కడ చిక్కుడుగింజలవంటి గ్రంథు లుండును. కాలికి పుండైనపుడు గజ్జలో బిళ్ళ కట్టిన దందుము. ఆ బిళ్ళ యీ గ్రంథియే. రోగక్రిములతో బోరాడు తెల్లకణములు అందు వసించును. ఆ కణములే మేర దప్పి పెరుగజొచ్చినచో నది లింఫోమా యను కాన్సరగును. పుండు మానగానే తగ్గిపోవు బిళ్ళకు భయపడ బనిలేదు. లింఫోమాలలో బెక్కు తెగలు గలవు. వానిలో బాలలకు వచ్చు బర్కిట్ కంతిని గూర్చి నేడు విన్నవించెదను.

1957 వ సంవత్సరమున ఆఫ్రికాలోని ఉగాండా దేశమందు, కంపాలా నగరపు ములాగో ఆసుపత్రిలో, డెనిస్ బర్కిట్ అను ఐర్లండు శస్త్రవైద్యుడు దవడ నాలుగు వైపుల వాచియున్న యొక బాలుని జూచెను. కొలది కాలమునకే వేఱొక యూర మఱియొక బిడ్డకు నట్టి కంతులే కనబడెను. 1958 లో నాతడీ వ్యాధిని లోకమునకు వెల్లడించెను. 1961 లో నిరువురు సహచరులతో బాతమోటారుబండిపై సుమారు పదివేల మైళ్లు తిరిగి, చలిజ్వరము ప్రబలిన సీమలలోనే యిది హెచ్చుగా నున్నదని గ్రహించెను. 1964 లో ఎప్‌స్టీన్, ఆచాంగ్, బార్ అను మువ్వురు ఈ కంతికణములందు ఒక వైరసును గనుగొనిరి. ఆ వైరసు లోకమున మిక్కిలి మందిలో నున్నను, ఈ వ్యాధి యే కొందఱికో వచ్చును. వ్యాధిగ్రస్తుని దాకుటచే నితరులకు గాన్సరు రాదు. ఆఫ్రికాలో దవడకు వచ్చు నీ కంతి, తక్కిన దేశములలో దఱచుగా గడుపులో బుట్టును.

దీని లక్షణము వేగము. ఒకటి రెండు దినములలోనే రెట్టింపు కాగలదు. అయినను ఆ వేగమే మనకు సాయపడుచున్నది. ఏలయన, కాన్సరు మందులు విభజన పొందుచున్న కణములనే ముఖ్యముగా జంపును. కత్తికి లొంగని యీ కంతి మందునకు గరగును. ఆ మందులలో మెథోట్రెక్సేట్ అనునది యొకటి. అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమున, భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి యాధ్వర్యవమున రూపొందినది. విన్‌క్రిస్టిన్ అను మఱియొక మందు మన పెరటి బిళ్ళగన్నేరునుండి తీయబడినది. అట్లని యింట నా యాకుల కషాయము గాచి త్రావించుట ప్రాణాపాయము.

చికిత్స కొన్ని నెలలలో ముగియును, కాని కఠినమైనది. చచ్చిన కణముల మలినము మూత్రపిండముల నడ్డగింపకుండ ముందుగా నరములలోనికి ద్రవము నెక్కింతురు. వ్యాధి మెదడున కెక్కకుండుటకు వెన్నులో సూదిమందు వేయుదురు; దానికి జంకరాదు. తెల్లకణములు తగ్గినపుడు జ్వరము వచ్చిన, తెల్లవాఱు వఱకు వేచియుండక యా రాత్రియే యాసుపత్రికి గొనిపోవలెను.

ఫలితములు వినుడు. 2020 లో బ్రకటింపబడిన యొక పరిశోధనలో, ఈ జాతి లింఫోమా ముదిరిన 328 మంది బాలలు చేరిరి. వారిలో సగము మందికి మామూలు మందులతో బాటు రిటుక్సిమాబ్ అను మందును గూడ నిచ్చిరి. మూడేండ్లకు, వ్యాధి తిరుగబెట్టక క్షేమముగా నున్నవారు రిటుక్సిమాబ్ పొందినవారిలో నూటికి 94 మంది, పొందనివారిలో 82 మంది. రక్తమును, మందులును సకాలమున దొరకని ఆఫ్రికా పేదసీమలలోనో, సగము మంది దక్కుటయు గష్టమే. వ్యాధి యొక్కటే, భేదము చికిత్సలో నున్నది.

ఇందొక మోసము గలదు. మందు పడిన కొలదిదినములకే కంతి కానరాకుండ బోవును. బిడ్డ యన్నము తిని యాడుకొనును. కూలిపని పోవుచున్నదనియో, ఇల్లు దూరమనియో తలిదండ్రులు తిరిగి వచ్చెదరు. కంటికి గానరాని కణములు మరల విజృంభించును. తిరుగబెట్టిన వ్యాధిని జయించుట మిక్కిలి దుస్తరము. అప్పును, నిప్పును, రోగమును శేషము మిగుల్చరాదని పెద్దలమాట గదా!

గ్రామమున మీ మాటకు విలువ గలదు. బిడ్డ దవడగాని కడుపుగాని దినదినము వాచుచున్నచో, పసరుకట్టులతో వారములు గడపనీయక పెద్దాసుపత్రికి బంపుడు. నడుమ మానివచ్చిన వారిని మందలింపక, దారి ఖర్చులు సమకూర్చి మరల బంపుడు. చికిత్స ముగిసి యేడాది నిర్విఘ్నముగా గడచినచో, ఆ బిడ్డ ప్రాయికముగా స్వస్థుడైనట్లే.